నోరు తెరిచి ఉండగా అడిగిన ప్రశ్న

“క్లినిక్ అమ్మేసి పూర్తిగా మీ లైన్లోకి వచ్చేద్దామనుకుంటున్నానండీ, ఏమంటారు?” అని పళ్ళ డాక్టరు అడిగే సమయానికి నా నోరు బార్లా తెరిచి ఉంది. దవడల మధ్య రబ్బరు దిమ్మ, నాలుక పక్కన ఉమ్మి పీల్చే గొట్టం, ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డ సిస్టరు, మత్తెక్కి నాది కాకుండా పోయిన కుడి దవడ, ఇన్నిటి మధ్యనుంచి నేను చెప్పగలిగిన జవాబు ఒక్కటే, “ఆఁ”. దాన్ని ఆయన అవుననుకున్నాడో, వింటున్నాననుకున్నాడో, నొప్పనుకున్నాడో తెలీదు. “ఇప్పుడే చెప్పక్కర్లేదు లెండి, ఇంకో గంట పడుతుంది. అయ్యాక తీరిగ్గా చెబుదురుగాని. సాయంత్రం కొనేవాళ్ళు వస్తున్నారు, ఈలోగా మీ మాట ఒకటి వింటే నాకు ధైర్యం” అని మళ్ళీ నా పంటి మీదికి వంగాడు. పైన గుండ్రటి దీపం. దీపం చుట్టూ తెల్లటి కప్పు. చూడ్డానికి ఇంకేమీ లేదు. నా మాట వింటే ధైర్యమట! మా ఇంట్లో హాల్లోకి ఏ రంగు కర్టెన్లు కొనాలో కూడా నా మాట వినరు, ఇక్కడ ఒక మనిషి ముప్పై ఏళ్ళ క్లినిక్కుని నా నాలుక చివర పెట్టి కూర్చున్నాడు, ఆ నాలుకేమో గంట దాకా నా మాట వినదు.

మీ లైను. ఆ మాట చెవిలో ఇంకా తిరుగుతోంది. నాకో లైనుందని ఒక మనిషి అంటున్నాడు. మా ఇంట్లో దాన్ని షేర్లంటారు, నీ షేర్లు, నీ షేర్ల గొడవ, మా మరిదైతే వదినగారి వీడియో గేమంటాడు. మా ఆయన మంచివాడే, ఒక్కనాడూ వద్దనలేదు, పడగ్గదిలో కిటికీ పక్కన బల్ల వేయించింది ఆయనే, రెండో తెర కొనిపెట్టిందీ ఆయనే, కానీ ఇంటి లోను కోసం బ్యాంకుకెళ్ళినప్పుడు బల్లకి అవతలున్నావిడ ‘మేడమ్ ఏం చేస్తారు’ అని అడిగితే నేను నోరు మెదిపేలోపే ‘ఇంట్లోనే ఉంటుందండీ’ అనేశాడు. అబద్ధం కాదు. ఇంట్లోనే ఉంటాను. ఇంట్లోనే ఉంటాను కాబట్టి మా అంతస్తులో అందరి పార్శిళ్ళూ నా దగ్గరే దిగుతాయి, ప్లంబరొస్తే ఎదురింటి తాళం నా దగ్గరే, పక్కింటి పాప బడి నుంచి ముందే వచ్చేస్తే మా సోఫాలోనే. అత్తగారు తన చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూ ‘మా కోడలు ఖాళీయేనే, దాన్ని పంపిస్తాలే’ అంటుంది. అవతల ధర జారుతోంది, నా వేలు మౌసు మీదుంది, ఇవతల చిన్నత్తగారి కంటి పరీక్షకి నేను తోడు బయల్దేరాలి. మా అమ్మాయి నయం, స్నేహితులతో ‘మా అమ్మ ఇన్వెస్టరు’ అంటుంది, అని వాళ్ళతోపాటు తనూ నవ్వుతుంది. ఒళ్ళు మండుతుంది నాకు, కానీ ఏమనను, ఆ నవ్వు అచ్చం నాదే.

కిందటి నెల ఈ పన్ను ఇక పంటి బిగువున భరించడం నావల్ల కాక మొదటిసారి ఇక్కడికొచ్చాను. ఆయన నా వివరాలు రాసుకుంటూ ఏం చేస్తారని అడిగాడు. ట్రేడింగ్ అన్నాను, ఎందుకన్నానో, బహుశా మా ఆయన పక్కన లేకపోవడం వల్ల. ఆయన కలం ఆపి తలెత్తి చూశాడు. ‘ఫుల్ టైమా?’ అన్నాడు, ఔనన్నాను. ‘అయితే పగలు రమ్మంటే మీ పని చెడుతుంది కదా, మార్కెట్ మూసేశాక టైమివ్వనా?’ అన్నాడు. మీ పని. అంతే, దవడ పట్టుకుని తల దించుకున్నాను. ఆయన నొప్పనుకుని మాత్ర ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ మర్యాద కోసం కాస్త తల ఎత్తుకునే వచ్చాను. మార్కెట్ ఎలా ఉందండీ అంటే ‘ఓపిక పట్టాలి డాక్టరుగారూ’ అని ఏదో పెద్ద తెలిసినదాన్లా అన్నాను, ఒకసారైతే కళ్ళు చిన్నవి చేసి నవ్వి ఊరుకున్నాను కూడా. ఒక్క అబద్ధమూ చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకి ఏదో పెద్ద చిత్రం కనబడింది, నేను దాన్ని చెరపలేదు, చెరపబుద్ధి కాలేదు. ఇవాళ సాయంత్రం ఆయనకి కుదరదని, పగలే రావాల్సొస్తుందని ఫోనులో రెండుసార్లు క్షమాపణ అడిగాడు. కుదరకపోవడం దేనికో ఇప్పుడు తెలిసింది.

పంటి లోపలికి సన్నటి ఆకురాయి దిగుతోంది. నొప్పి లేదు, ఎక్కడో దూరంగా ఎవరో గోడ గీకుతున్నారు, ఆ గోడ నాదే అని చప్పుడు వల్ల తెలుస్తోంది. డాక్టరు మాట్లాడుతూనే ఉన్నాడు. ఈయన మాట్లాడని నిమిషం నేనింతవరకూ చూడలేదు. మెడ పట్టేసిందట, వంగి వంగి వెన్నులో ఎముకలు దగ్గరయ్యాయట, ఇక చెయ్యి వణక్కముందే మానేస్తే గౌరవమట. “ముప్పై ఏళ్ళు చూసిందల్లా నోళ్ళే మేడమ్. ఇంక మనుషులొద్దు నాకు. ఒక గది, ఒక తెర, కప్పు కాఫీ, తలుపేసుకుంటే ఎవరూ పిలవకూడదు, మీలాగా” అన్నాడు. నాలాగా! గొట్టం ఒక్క క్షణం పీల్చడం ఆపింది, సిస్టరు చెయ్యి జరిగినట్టుంది, నోట్లో నీళ్ళు నిండాయి, మళ్ళీ సర్దుకుంది. ఈవిడ ఈయన దగ్గర ఎన్నేళ్ళుగా ఉందో. ఆయన చెయ్యి చాపకముందే కావలసిన పరికరం ఆ చేతిలో ఉంటోంది, ఆయన మాట మధ్యలో ఆగితే ‘ఊఁ’ అంటోంది. ఊఁ అనేవాళ్ళు లేకుండా ఈ మనిషి ఒక్క పూట బతకగలడా. తలుపేసుకుంటాడట.

తన షేర్ల సంగతి మొదలుపెట్టాడు. పోయినేడు క్లినిక్కు కంటే షేర్లే ఎక్కువిచ్చాయట. ఇవ్వవు మరి? పోయినేడు కళ్ళు మూసుకుని వేలు పెట్టినచోటల్లా పెరిగింది, అందరూ తెలివైనవాళ్ళే అయ్యారు, మా మరిది కూడా అయ్యాడు. “పళ్ళ పేస్టు కంపెనీ ఒకటి కొన్నానండీ, మన సబ్జెక్టే కదా. కాస్త పడింది. చవగ్గా వస్తోంది కదాని ఇంకొన్ని కొన్నాను. మళ్ళీ పడింది. మళ్ళీ కొన్నాను. ఇప్పుడు నా సగటు ధర బాగా దిగొచ్చింది” అన్నాడు సంతోషంగా. చెప్పుల్లో నా కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఈ వాక్యం నాకు తెలుసు. ఈ సంతోషం కూడా తెలుసు. పడేదాన్ని పడ్డకొద్దీ కొని, కొన్నది తప్పని ఒప్పుకోకుండా ఉండడానికి మరింత డబ్బు పోస్తూ, సగటు తగ్గిందని మురిసిపోవడం. ఇదే మనిషి మొన్న నా ఎక్స్‌రే దీపానికి పట్టుకుని ఏమన్నాడు, ‘లోపల కుళ్ళిపోయాక దానంతటది బాగవడమనేది ఉండదండీ, ఆ కుళ్ళు తీసేయడమే, ఆలస్యం చేసేకొద్దీ పక్కదానికి పాకుతుంది’ అన్నాడు. ఎదుటివాళ్ళ పంటి దగ్గర ఇంత తెలివి, తన జేబు దగ్గర అంత అమాయకత్వం. చెప్పాలి ఈ మాట. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలి. నోరు తెరిచే ఉంది, నోరు తెరవడానికి లేదు.

ఏమని చెప్పాలి అసలు. ఈ లైనంటే ఏమిటో నాకు తెలిసిందేమిటి. పొద్దున్నే అందరూ వెళ్ళాక ఇల్లు చప్పబడుతుంది, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ఆ బల్ల ముందు కూర్చుంటాను, మార్కెట్ తెరిచే ముందు కొన్ని నిమిషాలుంటాయి చూడండి డాక్టరుగారూ, అప్పుడు నాకు వయసు తెలీదు, అత్తగారు తెలీదు, మోకాలు తెలీదు. తెరిచాక గోలంతా గోలే, అంకెలు ఎరుపూ పచ్చా, ఆ గోలలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. కొత్తలో ఊరుకోలేకపోయేదాన్ని, ఏదో ఒకటి చెయ్యకపోతే పని చేసినట్టుండేది కాదు, కొనేదాన్ని, అమ్మేదాన్ని, సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది, మిగిలేది బ్రోకరుకి. తర్వాత తెలిసొచ్చింది, ఇందులో పనంటే ఎక్కువభాగం ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే అని. రోజులకి రోజులు చూస్తూ కూర్చోవడం, మనకి తెలిసిన ఒక్క ఆకారం తెర మీద కనబడితే అప్పుడు కదలడం. అత్తగారు తలుపు సందులోంచి చూసి ‘ఏమీ చెయ్యట్లేదుగా, కాస్త ఈ దిండు గలీబులు మార్చు’ అంటే ఏమని చెప్పను, ఏమీ చెయ్యకపోవడమే చేస్తున్నానత్తయ్యా, ఇవాళ చాలా బాగా చేస్తున్నాను అని చెప్పనా. గలీబులు మారుస్తాను. మార్చి వచ్చేసరికి ఆ ఆకారం వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

మూల కుర్చీలో నా సంచి ఒక్కసారి గుర్రుమంది. ఫోను. ఒక్కసారే మోగితే అది ఫోను రావడం కాదు, ఆర్డరు అమలైనట్టు. పొద్దున ఒక్క కంపెనీవే కొన్నాను, ఇక్కడికి వచ్చేముందు ధరకి కింద గేటు పెట్టి వచ్చాను, ఇంతకంటే దిగితే నన్నడక్కుండా అమ్మెయ్ అని. అమ్మేసింది. నష్టం, చిన్నదే. కుడి దవడకి సుత్తి తగిలినా తెలియనట్టే ఇదీ ఎక్కడో పక్కింట్లో జరిగినట్టుంది. నేను ఎలా చెయ్యాలో అచ్చం అలాగే చేశాను ఇవాళ. సరైనదే కొన్నాను, సరైనచోట కొన్నాను, పోతే ఎంత పోవాలో ముందే నిర్ణయించుకున్నాను, అంతే పోయింది. పని బాగా జరిగింది, డబ్బు పోయింది. ఇదుగో, ఇది ఎవరికి చెప్పను. ఈ డాక్టరు గంట కష్టపడితే గంట చివర ఒక పన్ను నిలబడుతుంది, పని బాగుంటే పన్ను బాగుంటుంది, చేత్తో తట్టి చూసుకోవచ్చు. నా దాంట్లో బాగా చేసిన రోజు పోవచ్చు, చెత్తగా చేసిన రోజు రావచ్చు. పోయిన శీతాకాలంలో జ్వరంలో ఒక మీట బదులు ఇంకో మీట నొక్కి, అమ్మాల్సింది మళ్ళీ కొని, గాభరాపడి మంచమెక్కి, లేచి చూస్తే ఆ నెలకల్లా పెద్ద లాభం అదే. సిగ్గేసింది. సిగ్గేసిన డబ్బుతోనే వాషింగ్ మెషీను కొన్నాం, మా ఆయన ‘అబ్బో, నీ షేర్లు పండాయే’ అన్నాడు. అది తిరిగినప్పుడల్లా నా తప్పే తిరుగుతోందనిపిస్తుంది. మంచి పనికీ చెడ్డ పనికీ ఫలితం తేడా చూపించనిదాన్ని వృత్తి అనొచ్చా, అనకూడదా. రెండు మూడేళ్ళు కలిపి చూస్తే తేడా కనిపిస్తుందంటారు. కనిపిస్తుంది. నాకూ కనిపించింది. కలిపి చూస్తే నేను నష్టపోలేదు, నూటికి తొంభైమంది కంటే నయం, కానీ వచ్చింది బీమా ఆఫీసులో నా పాత జీతంలో సగం.

సగం. ఈ మాట నేను మనసులో కూడా గట్టిగా అనలేదు. బాగానే ఉందా అని మా ఆయన ఎప్పుడైనా అడుగుతాడు, బాగానే ఉందంటాను, ఆయన సరేనంటాడు, ఇద్దరికీ అంతకంటే తెలుసుకోవాలని ఉండదు. బీమా ఆఫీసులో క్లెయిములు చూసేదాన్ని, ఎవరి కారు ఎలా గుద్దుకుంది, ఎవరింట్లో నీళ్ళ గొట్టం ఎలా పగిలింది, ఏది నిజం, ఏది కట్టుకథ, కాగితం మీదే కనిపెట్టేదాన్ని, నా సంతకం లేనిదే పైసా కదిలేది కాదు. ఆఫీసుని వేరే ఊరికి మార్చారు, నేను మారలేకపోయాను. చివరి రోజు అందరూ గేటు దాకా వచ్చారు, ఫ్యాను స్పీడు కోసం పదేళ్ళు నాతో తగువాడినావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అప్పట్లో ఆవిడ గొంతు వింటేనే తలనొప్పి నాకు. ఇప్పుడు మధ్యాహ్నం పూట ఎవరిదైనా ఫోనొస్తే హలో అనబోయి నా గొంతే నాకు పెగలదు, పొద్దున్నించి వాడలేదు కదా. అత్తగారున్నారు, కానీ ఆవిడతో మాటలు వేరు. లాభమొస్తే చెప్పుకోవడానికి లేదు, చెబితే అప్పడుగుతారు. నష్టమొస్తే చెప్పుకోవడానికి లేదు, చెబితే మానెయ్యమంటారు. గెలిచినా ఓడినా మొహం ఒకేలా పెట్టుకుని కూర వేయించాలి. ఒకసారి ప్లంబరొచ్చి కొళాయి బిగించి వెళ్ళబోతుంటే ఆపి, ఈ పైపుకీ ఆ పైపుకీ తేడా ఏమిటి, పనెలా నేర్చుకున్నావు, చేతులు నొప్పెట్టవూ అని చాలాసేపు అడిగాను. పాపం బిత్తరపోయాడు, రేటు తగ్గించడానికనుకున్నాడేమో. మనిషి మాట కోసం అంత మొహం వాచిపోయి ఉన్నాను ఆవేళ.

డబ్బు సంగతి చెబితే ఈయన వింటాడు, తల ఊపుతాడు, తనకి వేరేలా జరుగుతుందనుకుంటాడు, అందరం అనుకున్నట్టే. చెప్పాల్సింది అది కాదు. గదిలో ఒక్కడూ కూర్చుని ఊఁ అనే మనిషి లేకుండా రోజు రోజంతా తనతోనే తను ఉండగలడా అన్నది చెప్పాలి. ఇక్కడ పొద్దున్నించి ఎంతమంది ఈయన కోసం నోరు తెరుస్తారు! భయపడతారు, చేతులు పట్టుకుంటారు, నొప్పి తగ్గాక దణ్ణాలు పెడతారు. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర వెనక్కి తిరిగి థాంక్స్ అంటారు. మార్కెట్ ఒక్కనాడు థాంక్స్ అనదు. ఈ కుర్చీలో ఈయన అలిసిపోయాడు, నిజమే, మెడ నొప్పీ నిజమే. ఆర్నెల్లు నోళ్ళు చూడకుండా ఉంటే, ఎదురింటి తలుపు తీసిన చప్పుడికి లేచి వెళ్తాడు.

“ఒక ఎక్స్‌రే ఫిల్మ్ తీద్దాం, కదలకండి” అని పళ్ళ మధ్య ఏదో పెట్టి, నా మీద బరువైన దుప్పటి కప్పి ఇద్దరూ బయటికెళ్ళి తలుపేశారు. గదిలో నేనూ, దీపమూ. బయటినుంచి ఆయన గొంతు మాత్రం వినబడుతూనే ఉంది, ఎవరితోనో ‘భయమేం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే’ అంటున్నాడు. ఆలోచించుకోవడానికి ఇదే సమయం. నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి తేలిక, ‘ఓపికుంటే బాగుంటుంది డాక్టరుగారూ’ అనడం. అబద్ధం కాదు. ఆయన సంతోషిస్తాడు, సాయంత్రం తాళాలు చేతులు మారతాయి, నేను ఎప్పటిలాగే ట్రేడరుగా ఈ గుమ్మం దిగి వెళ్తాను. రెండోది నిజం. నిజం చెబితే ఆ క్షణం నుంచి ఆయన కళ్ళలో నేనెవర్ని? పడగ్గదిలో కూర్చుని తన పాత జీతంలో సగం సంపాదించుకునే ఒక ఇల్లాలిని. మీ పని చెడుతుందేమో అని ఇక ఈ భూమ్మీద ఎవరూ అనరు. ఎంత చిన్న మాట అది, దానికోసం నేనింత గింజుకోవడం ఏమిటి. కానీ గింజుకుంటున్నాను. ఈ వయసులో, ఈ దుప్పటి కింద, ఒక మర్యాద పోతుందని నిజంగా బెంగగా ఉంది. అటు చూస్తే ముప్పై ఏళ్ళు కట్టుకున్న క్లినిక్కు. క్లెయిముల కాగితాల్లో ఎంతోమందిని చూశాను, గోడ కూలేలా ఉందని తెలిసి నోరు మెదపని పక్కింటివాళ్ళని. వాళ్ళు తప్పు చేశారని రాయడానికి ఏ గడీ ఉండేది కాదు, మనసులో మాత్రం తిట్టుకునేదాన్ని.

తలుపు తెరుచుకుంది. ఫిల్మ్ బాగా వచ్చిందట, పంటి వేళ్ళు మూడూ శుభ్రమయ్యాయట, తాత్కాలికంగా నింపేస్తున్నానన్నాడు, ఏదో లవంగం వాసన గుప్పుమంది, చేత్తో అదిమాడు, కరవమన్నాడు, మళ్ళీ కరవమన్నాడు. రబ్బరు దిమ్మ తీశాడు. దవడ తలుపు బందుల్లా కిర్రుమంది. “పుక్కిలించెయ్యండి” అన్నాడు. పుక్కిలిస్తే సగం నీళ్ళు కుడిపక్కనుంచి వాటంతటవే కారిపోయాయి, సిస్టరు మెత్తటి కాగితం అందించింది. ఆయన ముసుగు కిందికి లాగి, చక్రాల స్టూలు నా ఎదురుగా జరుపుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పండి మేడమ్.”

“వద్దండీ” అన్నాను. పెదవి మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది, అందుకని ఒక్కో మాటా విడదీసి చెప్పాను. “నాకు ఇందులో నా పాత జీతంలో సగమే వస్తోంది. మూడేళ్ళ తర్వాత. ఈ సంగతి మా ఆయనక్కూడా తెలీదు. మీరు నన్నేదో అనుకుంటున్నారు, నేను అనుకోనిచ్చాను. ఆ పేస్టు కంపెనీ అమ్మేయండి. దీన్ని అమ్మకండి.” ఇంకా చెప్పాలనుకున్నాను, ఊఁ కొట్టేవాళ్ళ గురించి, గొంతు పెగలకపోవడం గురించి. కానీ ఆయన నావైపు చూడ్డంలేదు. సిస్టరు వైపు చూస్తున్నాడు. ఆవిడ శుభ్రంగా ఉన్న పరికరాల పళ్ళేన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

“సంతకాలు పోయిన వారమే అయిపోయాయండీ” అన్నాడు. “సాయంత్రం తాళాలివ్వడమే.”

మొదట కోపం ముంచుకొచ్చింది. మరి నన్నెందుకడిగావయ్యా, గంటసేపు నన్ను ఉడికించి, నా గుట్టు నా చేతే విప్పించి! వెంటనే ఆ కోపం జావగారిపోయింది. మా లైన్లో అందరూ చేసేదే ఇది. ముందు కొనేస్తారు, కొన్నాక భయమేసి ఎలా ఉందండీ ఇది అని ఊరంతా అడుగుతారు. వాళ్ళకి కావలసింది సలహా కాదు, తోడు. నేను మాత్రం, ఏదైనా కొన్న రాత్రి దాన్ని మెచ్చుకుంటూ ఎవరేం రాశారా అని వెతుక్కోలేదూ. పాపం, ఈయన అప్పుడే మా లైన్లోకి వచ్చేశాడు.

“మరి మీరెందుకు మానెయ్యలేదు?” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

పొద్దుటి పూట ఆ నిమిషాల గురించి చెబుదామనుకున్నాను. ఎవరి కిందా పని చెయ్యక్కర్లేదని చెబుదామనుకున్నాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. “మానేస్తే ఎవరికి చెప్పనండీ? నేనొక పని చేస్తున్నానని ఒప్పుకున్నవాళ్ళెవరూ లేరే. ఆఫీసు మానేసిన రోజు అందరూ గేటు దాకా వచ్చారు. ఇది మానేస్తే ఆ సాయంత్రం మా అత్తగారు పార్శిలొచ్చిందా అని అడుగుతారు. అంతే.” ఏడుపొచ్చింది. ఇంత చిన్న సంగతికి పరాయి మనిషి ముందు ఏడుస్తానని కలలో కూడా అనుకోలేదు. సిస్టరు ఏమీ అనకుండా నా గడ్డం తుడిచింది.

డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు. అది నేను మొదటిసారి చూడ్డం. తర్వాత లేచి, క్లినిక్ కార్డు ఒకటి తీసి, దాని మీద అచ్చులో ఉన్న నంబరు కింద ఇంకోటి రాసిచ్చాడు. “పై నంబరు రేపట్నుంచి కొత్త డాక్టరుది. మీ పంటికి క్యాప్ ఆయనే వేస్తారు, మంచి చెయ్యి, భయం లేదు. ఇది నాది. మీరు మానేసిన రోజు నాకు చెప్పండి.”

“మీరు మానేసిన రోజు నాకు చెప్పండి” అన్నాను.

చెబుతానన్నాడు. సంచి తీసుకుని తలుపు దాకా వెళ్ళాను. వెనకనుంచి, “మేడమ్” అని పిలిచాడు. చక్రాల స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు, చేతులకి తొడుగుల్లేవు, ఏం చెయ్యాలో తెలియనట్టు వాటిని ఒళ్ళో పెట్టుకుని. “రేపు పొద్దున ఒకసారి ఫోను చెయ్యనా? మానేశానని చెప్పడానిక్కాదు. ఊరికే.”

“మార్కెట్ తెరవకముందు చెయ్యండి” అన్నాను. “తర్వాత పనిలో ఉంటాను.”